వళ్ళిమలై రాతిబొమ్మలు

శిల్పమును కట్టడములో గాక కొండనడుమ, చెట్లనడుమ నిలుపుట నేటి కొత్తకళ అంటున్నారు. వేలూరు, గుడియాత్తం తెలుగు కుటుంబాలవారికి ఆ మాట వినగానే కాట్పాడికి ఆవలి వళ్ళిమలై గుర్తుకు రావాలి.

మనవారు అక్కడికి సుబ్రహ్మణ్యస్వామి దర్శనానికి పోయి, మెట్లు దిగి, బస్సువేళకు పరుగెత్తుతారు. తీర్థంకరుల బొమ్మలవైపు తిరిగేవారు తక్కువ. ఆ బొమ్మలు వేరే చోటినుండి తెచ్చి నిలిపినవి కావు. ఉన్న బండనే ఉన్నచోటనే చెక్కినారు. 9వ శతాబ్దమున గంగరాజు రాచమల్లుడు, శ్రీపురుషుని మనుమడు, ఈ కొండను వశపరచుకొని బసది స్థాపించెనని శాసనము. బాణరాజు గురువైన భవనందికి శిష్యుడగు దేవసేనుని ప్రతిమ ఒకటి. ఒక ప్రతిమ చేయించినవాడు అజ్జనంది. ఇన్ని పేర్లలో ఉలి పట్టినవాని పేరు లేదు. మావంటి గుమాస్తాలకు ఇది వింత కాదు.

ఈ బాణులెవరు? ఒకప్పుడు గుడియాత్తం తాలూకాలోనిదైన ఉదయేందిరములో దొరికిన వారి తామ్రశాసనము, వారి సీమను ఆంధ్రపథమునకు పడమటి భూమి అన్నది. అదే తమిళములో 'వడుగవళి మేర్కు', అనగా తెలుగుదారికి పడమర. మనము ఇక్కడ రైలు దిగుటకు వెయ్యేండ్ల ముందే ఈ సీమను తెలుగుదారి పేర గుర్తించేవారన్నమాట! అంతమాత్రాన వళ్ళిమలై మనదే అనుట సబబు కాదు. బొమ్మలు జైనులవి, దేవసేనుని ప్రతిమ క్రింది పలుకు కన్నడము.

పిల్లలతో వెళ్ళేవారు మంచినీళ్ళు వెంట తీసుకొనిపోవలెను. రాతిమీద పేర్లు మాత్రం గీకనీయరాదు. ఆ బండను మ్యూజియమునకు చేర్చి దాచుటకు వీలు లేదు.