తల్లి చెవిన పడ్డ తుంటి చప్పుడు

ఇటలీలోని ఫెరారాలో మారినో ఓర్టోలానీ పిల్లల డాక్టరు. 1930ల మధ్యలో ఓ తల్లి అయిదు నెలల బిడ్డను ఆయన దగ్గరికి ఎత్తుకొచ్చింది. కింద కడిగినప్పుడల్లా బిడ్డ తుంటిలో ‘టక్’మంటోందని చెప్పింది. అమ్మల అనుమానంలే అని ఆయన కొట్టిపారేయలేదు. ఆ చప్పుడు మూలం పట్టుకుని 1937లో ప్రచురించారు.

కటి వలయంలో రెండు పక్కలా తుంటెముకలుంటాయి. ఒక్కోటీ మూడు ఎముకల కలయిక. మూడూ కలిసేచోట గిన్నెలాంటి గుంట, అందులో తొడ ఎముక తల. పుట్టేనాటికి ఆ మూడింటి మధ్యా మృదులాస్థే. కౌమారంలో గానీ అతుక్కోవు. తల కుదురుగా కూర్చుంటేనే గుంట లోతుగా పెరుగుతుంది. కొందరికి పుట్టుకతోనే గుంట లోతు చాలదు, తల జారిపోతుంది. ఆడపిల్లల్లో, ఎడమ తుంటిలో, ఎదురుకాళ్లతో పుట్టినవారిలో ఇది ఎక్కువ.

ఓర్టోలానీకి ముందు చాలావరకు బిడ్డ నడక మొదలెట్టి కుంటితే గానీ ఈ లోపం తెలిసేది కాదు. అప్పటికి ఎముకను లోపలికి నెట్టి నెలల తరబడి పిండికట్టులో బిగించాల్సి వచ్చేది. వియన్నా డాక్టరు అడాల్ఫ్ లోరెంజ్ కత్తి పెట్టకుండా చేసే ఈ వైద్యంతో పేరు తెచ్చుకున్నారు. 1902లో ఓ కోటీశ్వరుడి కూతురి కోసం ఆయన్ని షికాగోకు పిలిపించారు.

ఓర్టోలానీ పరీక్షకు చేతులు చాలు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిచి, తొడలు మెల్లగా పక్కలకు తెరుస్తూ వేళ్లతో పైకెత్తుతారు. జారిన తల ‘టక్’మని గుంటలోకి దిగడం వేలికి తగులుతుంది. 1962లో ఇంగ్లండ్ డాక్టరు థామస్ బార్లో దీన్ని తిరగేశారు: వెనక్కి నొక్కితే తల జారుతుందేమో చూడటం. 60 మంది శిశువుల్లో ఒకరి తుంటి వదులుగా ఉందనీ, వారిలో 88 శాతం మందికి రెండు నెలల్లో దానంతటదే గట్టిపడిందనీ ఆయన తేల్చారు. మిగిలినవారికి చెక్ డాక్టరు ఆర్నాల్డ్ పావ్లిక్ రూపొందించిన పట్టీలున్నాయి. కాళ్లాడిస్తూనే బిడ్డ తన తుంటిని తానే సరిచేసుకుంటుంది.

కాళ్లు చాపి బిగించి చుట్టడం ఈ లోపాన్ని పెంచుతుంది. జపాన్‌లో 1975లో మొదలైన ప్రచారంతో ఆ అలవాటు తగ్గింది, కేసులూ బాగా తగ్గాయి. మనవాళ్లు బిడ్డను చంకనేసుకుంటే తొడలు విచ్చుకునే ఉంటాయి. తుంటికి అది మంచిదే. పొత్తిళ్లలో చుట్టేటప్పుడు మాత్రం కాళ్లు మడుచుకునేంత చోటు వదలండి. పుట్టిన బిడ్డను ఇంటికి తెచ్చుకునేలోపే తుంటి పరీక్ష చేశారా అని డాక్టర్ని అడగండి.