ఆకుల అచ్చులు

ఆకు రూపాన్ని, దాని ఈనెల అల్లికను కాగితం మీదికి దించుకుంటూ చిన్నపిల్లలు మొక్కల సంగతులు తెలుసుకునే కృత్యం ఇది. అంగన్‌వాడీలో చదివే 3 నుంచి 6 ఏళ్ల పిల్లలు మొదలు ప్రాథమిక పాఠశాల విద్యార్థుల దాకా అందరూ చేయగలరు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఆకుల కోసం వెతుక్కోనక్కర్లేదు. వరి, మక్కజొన్న, పసుపు చేలు, మామిడి తోటలు ఊరి పక్కనే ఉంటాయి. పసుపు ఆకు పచ్చిగా దొరికేది వానకాలంలో. కోతల నాటికి ఎండిపోతుంది.

ఈనెలు ఉబ్బెత్తుగా ఉండేది ఆకు వెనుక వైపు. ఆ వైపు పైకి వచ్చేలా పెట్టి, పలుచని కాగితం కప్పి, క్రేయాన్‌ను అడ్డంగా పడుకోబెట్టి రుద్దితే ఆకు బొమ్మ తేలుతుంది. వెనుక వైపు రంగు పూసి కాగితానికి అద్దినా అచ్చు పడుతుంది.

మామిడి, రావి ఆకుల్లో ఈనెలు వలలా అల్లుకుంటాయి. వరి, మక్కజొన్న ఆకుల్లో పక్కపక్కనే సాగిపోతాయి. పసుపు ఆకులో నడి ఈనె నుంచి సన్నని గీతలు ఏటవాలుగా, ఒకదాని పక్కన ఒకటి బయలుదేరుతాయి. ఈ అచ్చులను వరుసగా పేర్చిన పిల్లలకు ఏకదళ, ద్విదళ బీజాలన్న మాటలు వినకముందే ఆ తేడా కంటికి తెలుస్తుంది. పేర్లు తర్వాత చెప్పడమే మేలు. వేరు నుంచి నీరు ఆకుకు చేరేదీ, ఆకు తయారుచేసిన చక్కెర మొక్కంతా పాకేదీ ఆ ఈనెల గుండానే.

అచ్చులతో పాటు పిల్లలకు చూపదగిన ఆకుల వింతలు మరికొన్ని ఉన్నాయి. మోదుగకు మూడే ఆకులని సామెత. వృక్షశాస్త్రం ప్రకారం ఆ మూడూ కలిసి ఒకే ఆకు. విస్తరిలో కుట్టేవి దాని భాగాలైన పత్రకాలు. లేత టేకు ఆకును వేళ్లతో నలిపితే ఎర్రరంగు అంటుతుంది. రావి ఆకును కొన్ని వారాలు నీళ్లలో నాననిస్తే సూక్ష్మజీవులు మెత్తని భాగాన్ని కుళ్లబెడతాయి. మెల్లగా కడిగితే ఈనెల జల్లెడ మిగులుతుంది. రణపాల ఆకు అంచుల నుంచి పిల్లమొక్కలే పుడతాయి.

ఈ ప్రాంతంలో ఎందరో మహిళలకు బీడీలు చుట్టడమే బతుకుతెరువు. చుట్టే ముందు వాళ్లు తునికాకును తడిపి మెత్తబరుస్తారు. ఎండిన ఆకు వంచితే విరుగుతుందని, తడిస్తే వంగుతుందని పిల్లలు తమ చేతులతోనే చూడవచ్చు. అయితే ఆకు మాత్రమే ఇవ్వాలి. పొగాకు ఉన్న చేట దగ్గరికి పిల్లలను రానీయకూడదు.

జిల్లేడు పాలు కంటికి హాని చేస్తాయి. గన్నేరు, ఉమ్మెత్త విషపూరితాలు. ఈ మూడింటినీ పక్కన పెట్టాలి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగించాలి.