హంసపాదు నుండి అన్వేషణము వఱకు: వ్రాతపనిలో కాలమును మిగిల్చిన కంప్యూటరు సాధనముల చరిత్ర

తాళపత్రముపై వ్రాయు లేఖకుడు ఒక పదమును విడిచినచో ఆకును పాఱవైచి మఱల మొదలిడడు. విడిచినచోట హంసపాదు నుంచి, ఆ పదమును పంక్తికి పైననో అంచుననో చేర్చును. శ్రమను, కాలమును, ఆకును మిగుల్చుకొనుటకు లేఖకులు కల్పించుకొన్న ఉపాయమిది. నేటి పరిశోధక విద్యార్థి కంట్రోలు మీటతోపాటు ‘వి’ అను ఆంగ్లాక్షరమును నొక్కి, వేఱొకచోట గ్రహించిన వాక్యమును తన వ్యాసమున అతికించుచున్నాడు. ఇట్టి లఘూపాయములను యంత్రనిర్మాతల చమత్కారములుగా మాత్రమే ఎంచుట కద్దు. కాని వాని చరిత్రను పరిశీలించినచో, వానిలో ముఖ్యమైనవి పుస్తకసంపాదకుల పనినుండియు, పాఠపరిశోధకుల ప్రశ్నలనుండియు పుట్టినవని తెలియును. ఆ చరిత్రను సంగ్రహముగా నిరూపించి, అందు అన్వేషణసాధనము తెలుగు వాఙ్మయపరిశోధకునకు ఎంతవఱకు నమ్మదగినదో విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

1960వ దశకమున కంప్యూటరుపై పాఠమును సవరించుట సులభమైన పని కాదు. నాటి సాధనములు పెక్కింట పంక్తిసంఖ్యను తెలిపి, ఆజ్ఞను టైపు చేసి, ఫలితమును వేఱుగా చూచుకొనవలసి యుండెను. 1968 డిసెంబరు 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున డగ్లస్ ఎంగెల్‌బార్టు మౌసు సాయముతో తెరపైనున్న పదములను ఎన్నుకొని, వాని స్థానములను మార్చి, సభాసదులకు చూపెను. బ్రౌన్ విశ్వవిద్యాలయమున ఆండ్రీస్ వాన్ డాము బృందము 1968లో ఆరంభించిన ‘ఫ్రెస్’ అను వ్యవస్థలో, చేసిన మార్పును వెనుకకు త్రిప్పుకొను సౌకర్యము కూడ చేరెను.

1974లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోనందలి జిరాక్సు పరిశోధనాలయమున బట్లర్ లాంప్సను, చార్లెస్ సిమోనీ అనువారు ‘బ్రావో’ అను సవరణసాధనమును నిర్మించిరి. అచ్చున కనబడునట్లే అక్షరములు తెరపై కనబడుట దాని విశేషము. అయినను అందొక లోపముండెను. ఒక అవస్థలో మీటను నొక్కినచో అక్షరము పడును. మఱియొక అవస్థలో అదే మీట ఆజ్ఞ యగును. ఆజ్ఞావస్థలో నున్న సంగతి యెఱుగక ‘ఎడిట్’ అను ఆంగ్లపదమును టైపు చేసినచో, మొదటి అక్షరము పాఠమునంతటిని ఎన్నుకొనును. రెండవది దానిని తుడిచివైచును. మూడవది క్రొత్త చేర్పును ఆరంభించును. కడపటి ‘టి’ యను అక్షరము మాత్రము తెరపై మిగులును. గ్రంథమంతయు పోయి ఒక్క అక్షరము నిలుచుట!

ఈ చిక్కు ఒక పాఠ్యపుస్తక ప్రచురణాలయము నిమిత్తముగా తీఱినది. మసాచుసెట్సు రాష్ట్రమునందలి జిన్ అండ్ కంపెనీ అప్పటికి జిరాక్సు ఆధీనమున నుండెను. ఆ సంస్థలోని సంపాదకులకు తగిన సాధనమును నిర్మించు పని టిమ్ మాట్, లారీ టెస్లరు అనువారికి వచ్చెను. సంపాదకులు వ్రాతప్రతిని కత్తెరతో కత్తిరించి, జిగురుతో వేఱొక కాగితముపై అతికించి, కలముతో అడ్డుగీతలు గీచి పని చేయుచుండిరి. వారి యలవాటును మార్చుటకు మాఱుగా, యంత్రమునే వారి యలవాటునకు అనుగుణముగా మలచుట టెస్లరు, మాట్‌ల నిర్ణయము. 1975 నాటికి సిద్ధమైన ‘జిప్సీ’ అను సాధనమున అక్షరపు మీట ఎల్లప్పుడును అక్షరమునే ఇచ్చును. ముందుగా పాఠభాగమును ఎన్నుకొని, పిదప దానిని కత్తిరింపవచ్చును, అతికింపవచ్చును.

టెస్లరు 1980లో ఆపిల్ సంస్థకు మాఱెను. ఆ సంస్థ 1983లో లీసా కంప్యూటరును, 1984లో మాకింటాషును వెలువరించెను. జెడ్, ఎక్స్, సి, వి అను నాలుగు మీటలు ఈ పనులకు నియతములైనది లీసాతోడనే. ఇవి కీబోర్డు క్రింది వరుసలో ఎడమవైపున ఒకదాని ప్రక్క నొకటి యున్నందున, కుడిచేయి మౌసుపై నుండగనే ఎడమచేయి పనిని ముగించును. అక్షరముల ఎంపికకు వేఱు హేతువులును కలవు. ఎక్స్ అనునది కొట్టివేత గుర్తు. సి అనునది నకలునకు ఆంగ్లమున ఆద్యక్షరము. వి అనునది తలక్రిందైన హంసపాదు. తాళపత్రములందును, అచ్చుప్రతుల దిద్దుబాటునందును ‘ఇచ్చట చేర్పుము’ అని చెప్పిన గుర్తు, వేఱొక మార్గమున మన వ్రేలిక్రిందికి వచ్చినదన్నమాట. 1990వ దశకమున విండోసు వ్యవస్థయు కంట్రోలు మీటతో ఈ నాల్గింటినే వ్యాప్తికి తెచ్చెను.

అన్వేషణసాధనపు చరిత్ర ఇంతకంటెను మనకు సన్నిహితమైనది. కొన్ని పదరూపములను ఒకే నమూనాలో ఇముడ్చు గణితపద్ధతిని స్టీఫెన్ క్లీనీ 1956లో ప్రకటించెను. దీనికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని పేరు. అమెరికాలోని బెల్ పరిశోధనాలయమునందలి కెన్ థామ్సను 1968లో దానిని పాఠాన్వేషణమునకు అన్వయించెను. అదే పరిశోధనాలయమున లీ మెక్‌మాన్ అను విద్వాంసుడు ‘ఫెడరలిస్ట్’ వ్యాసముల కర్తృత్వమును పరిశీలింప బూనెను. 1787-88 సంవత్సరములలో మాఱుపేరుతో వెలువడిన ఈ 85 వ్యాసములలో 12 వ్యాసములు హామిల్టను రచనలో మాడిసను రచనలో అన్న వివాదము కలదు. ఇరువురి శైలిని పదప్రయోగములచే వేఱుచేయవలెను. ‘అంతలో’ అను నర్థమున హామిల్టను ఒక రూపమును, మాడిసను దాని రూపాంతరమును వాడుట ఇట్టి ఆధారములలో ఒకటి. కాని ఆ పాఠము నాటి సవరణసాధనమున ఇముడనంత పెద్దది. అందుచే థామ్సను అన్వేషణభాగమును మాత్రము విడదీసి, ప్రత్యేకసాధనముగా నిర్మించెను. 1973లో యూనిక్సు వ్యవస్థలో చేరిన ‘గ్రెప్’ అను ఆజ్ఞ యిదియే. క్రీడాభిరామము వినుకొండ వల్లభరాయని కృతి యగునా, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాదించినట్లు శ్రీనాథుని దగునా అను చర్చ నెఱిగిన మనకు, అన్వేషణసాధనము ఒక కర్తృత్వవివాదమున పెరిగినదనుట వింతగా తోపదు.

బ్రౌజర్లు ఈ సాధనములనే వారసత్వముగా పొందినవి. టిమ్ బెర్నర్స్-లీ స్విట్జర్లాండునందలి సెర్న్ సంస్థలో ఆరంభించిన వెబ్బు 1991లో లోకమునకు తెలిసెను. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున పుట్టిన మొజాయికు బ్రౌజరు 1993లో దానిని సామాన్యులకు చేర్చెను. ఒకే కిటికీలో పెక్కు పుటలను తెఱచి యుంచు పద్ధతి 2004లో వెలువడిన ఫైర్‌ఫాక్సుతోను, 2006 నాటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు ఏడవ కూర్పుతోను సర్వసాధారణమయ్యెను. నేడు విండోసు కంప్యూటరులందు కంట్రోలు-టి క్రొత్తపుటను తెఱచును. కంట్రోలు-ఎల్ చిరునామాపెట్టెకు కొనిపోవును. కంట్రోలు-షిఫ్టు-టి పొరపాటున మూసిన పుటను తిరిగి తెచ్చును. కంట్రోలు-ఎఫ్ పుటలో పదమును వెదకును. వీనిలో మొదటి మూడును కాలమును మిగుల్చును. నాల్గవది కాలమును మిగుల్చుటయే గాక, పరిశోధకునిచే ఒక నిర్ణయమును కూడ చేయించును. చిక్కెల్ల ఇచటనే కలదు.

యంత్రము అక్షరపు ఆకారమును వెదకదు. దాని వెనుకనున్న సంకేతసంఖ్యను వెదకును. తెలుగునకు సంకేతములు ఏకరీతిగా నేర్పడుటకు చాలకాలము పట్టినది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున నున్న తెలుగువారు ఆంగ్లలిపిలో తెలుగు వ్రాయు ఆర్.టి.ఎస్. పద్ధతిని రూపొందించిరి. 1991లో భారతీయలిపుల కన్నింటికి ఇస్కీ ప్రమాణము వెలువడెను. ఆ యేటనే వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పున తెలుగునకు 128 స్థానములు లభించెను. 2001 నాటి విండోసు ఎక్స్‌పీ, గౌతమి యను ఖతితో తెలుగును సామాన్యుని కంప్యూటరునకు తెచ్చెను. అయినను అచ్చుపని చాలకాలము వేఱు ఖతులతో సాగినది. ఆ ఖతులందు ఆంగ్లాక్షరముల సంఖ్యలే తలకట్టు, గుడి, కొమ్ము మొదలగు ఖండములకు ఆధారములు. అట్లు కూర్చిన గ్రంథము కంటికి తెలుగే. యంత్రమునకు మాత్రము అర్థరహితమైన ఆంగ్లాక్షరరాశి. అందు యూనికోడ్ తెలుగుపదము నొకదానిని వెదకినచో ‘లేదు’ అనియే సమాధానము వచ్చును.

యూనికోడ్ పాఠమునందును ప్రమాదములు కొన్ని కలవు. పూర్ణబిందువునకు మాఱుగా సున్న అంకెను టైపు చేసినచో కంటికి భేదము తోచదు, పదము మాత్రము దొరకదు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి పదములందు అక్షరములు కలియకుండ నిలుపు కనబడని సంకేతము నొకరు చేర్తురు, మఱియొకరు చేర్పరు. కొన్ని సాధనములకు ఈ రెండును భిన్నపదములు. వ్యాకరణము కల్పించు చిక్కులు వేఱు. ‘ఏగెను’ అని వెదకినచో ‘రాముడేగెను’ దొరకదు. ఏకారము అచ్చుగా నొక సంఖ్య, గుణితముగా వేఱొక సంఖ్య. గసడదవాదేశమున ‘రాజు సేసెను’ అని యున్నచోట ‘చేసెను’ అను అన్వేషణము వ్యర్థము. శకటరేఫమును కొందఱు సంపాదకులు నిలిపిరి, కొందఱు విడిచిరి.

ఈ చిక్కులకు థామ్సను చూపిన నమూనాపద్ధతియే మందు. ‘క[రఱ]వు’ అని వెదకినచో కరవు, కఱవు రెండును ఒక్కసారిగా దొరకును. సంధికి లోబడు మొదటి అక్షరమును విడిచి ‘గెను’ అని వెదకుట మఱియొక ఉపాయము. ఫలితములు కొన్ని అధికముగా వచ్చును. కాని అధికముగా వచ్చినవానిని ఏఱివేయుట సులభము, రానివానిని ఊహించుట అసాధ్యము. అన్నింటికంటె ముందు చేయవలసిన పరీక్ష యొకటి కలదు: పాఠమున ఉన్నదని కన్నులార చూచిన ఒక పదమును ముందుగా వెదకవలెను. అది దొరకనిచో లోపము కవిది కాదు, ప్రతిది.

పదప్రయోగమునుబట్టి కాలనిర్ణయమును, కర్తృనిర్ణయమును చేయు శాస్త్రమున ‘ఈ కవి ఈ పదమును వాడలేదు’ అను వాక్యమునకు గొప్ప బలము కలదు. పూర్వవిద్వాంసులు గ్రంథమునంతటిని పలుమాఱులు చదివి గాని ఆ వాక్యమును వ్రాయలేదు. నేడది అరక్షణమున తెరపై కనబడు ‘లేదు’ అను సమాధానమునుండి పుట్టు నపాయము వచ్చినది. కావున అట్టి నిర్ణయమును ప్రకటించునపుడు ఏ ప్రతిని, ఏ సంకేతమున, ఏయే రూపములతో వెదకినదియు పరిశోధకుడు తెలుపవలెను. విశ్వవిద్యాలయశాఖలు తమ పాతఖతుల గ్రంథములను యూనికోడునకు మార్చి, సరిచూచి, భద్రపఱుపవలెను. హంసపాదు నుంచిన లేఖకుడు విడిచినచోటు నెఱిగియే దానిని నుంచెను. మన అన్వేషణమును విడిచినచోట్లను తెలిపినపుడే ప్రమాణమగును.