ఆపి పెట్టిన రాగం

రాత్రి ఒంటిగంట ముప్పావు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబులు ఆగే పార్కింగ్. వరసలో నా బండి నంబరు 64. పావుగంట నుంచి ఆ అంకె కదల్లేదు.

సీటు వెనక్కి వాల్చాను. అద్దం నాలుగు వేళ్ల సందు దించాను. దోమలొస్తాయి, కానీ గాలి కూడా ఆ సందులోంచే రావాలి. పక్క బండిలో డ్రైవరు కాళ్లు డ్యాష్‌బోర్డు మీద పెట్టి గురకపెడుతున్నాడు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. రెండో చెవి బుకింగ్ మోతకు వదిలేశాను.

హరిశ్చంద్రుడు కాటికి వచ్చాడు. గొంతు డి.వి. సుబ్బారావుది.

చంద్రమతి ఇంకా రాలేదు. కాటికాపరి ఒక్కడే సమాధుల మధ్య నిలబడ్డాడు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిందే. అయినా ఈ చోటికి వచ్చేసరికి నటులు జాషువా పద్యాలు ఎత్తుకుంటారు. శ్మశానవాటి మీద ఆయన విడిగా రాసుకున్న ఖండికను తెచ్చి ఇందులో కలిపేసుకున్నారు. ఎన్నిసార్లు విన్నా అతుకు ఎక్కడుందో నా చెవికి తగలదు.

హార్మోనియం ముందు నడిచింది. పద్యం అందుకున్నాడు. నాలుగు పాదాలు, మాటల వరకే అయితే అరనిమిషం పని. మాటలు అయిపోయాకే అసలు సంగతి మొదలవుతుంది. ఆఖరి అక్షరాన్ని పట్టుకుని రాగం తీస్తాడు. పైకి వెళ్తుంది, అక్కడ ఆగుతుంది, ఇక దిగుతుందనుకునేలోపు ఇంకో మెట్టు ఎక్కుతుంది. మన ఊపిరి మన చేతిలో ఉండదు.

సరిగ్గా అప్పుడే విమానం దిగింది. బండి అద్దాలు సన్నగా వణికాయి. రాగం మొత్తం ఆ మోతలో పోయింది. వేలితో వెనక్కి జరిపాను, పది సెకన్లు. మళ్లీ ఎక్కుతున్నాడు.

అద్దం మీద టకటక.

"ఏరా అబ్బాయ్, ఇంకా కాట్లోనే ఉన్నావా?"

బాబాయ్. చేతిలో రెండు టీ కప్పులు. తెనాలి వైపు మనిషి. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద, ఆయన బండి నాకంటే తొమ్మిది నంబర్లు వెనక.

"ఇంక యాడికి పోవాలె బాబాయ్, నంబరే కదులుతలేదు" అని పక్క డోరు తీశాను.

కూర్చుని, ఇయర్‌ఫోన్ రెండో ముక్క తీసుకుని చెవిలో పెట్టుకున్నాడు. ఒక్క క్షణం విని మళ్లీ తీసేశాడు. ఆయనకు కృష్ణుడు కావాలి, నాకు హరిశ్చంద్రుడు. ఈ నెలంతా మా ఇద్దరి మధ్య ఇదే పంచాయితీ. మొదటి వారం ఆయన మాటే నెగ్గింది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడు. తర్వాత షణ్ముఖి ఆంజనేయరాజు. మధ్యలో ఒక రాత్రి ఈలపాట రఘురామయ్య. నోట్లో వేలు పెట్టి పద్యాన్ని ఈలగా వేస్తుంటే పక్క బండి డ్రైవరు లేచి, ఏ పిట్టరా అది అని అడిగాడు.

"మా చిన్నప్పుడు కంట్రాక్టు నాటకాలు" అంటాడు బాబాయ్. టీ ఊదుకుంటూ చెప్తాడు, తొందరేమీ ఉండదు. "రాత్రి పదింటికి మొదలు, తెల్లారేదాకా. పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు. మొదటాయనకి మూడు వన్స్ మోర్లు పడితే, రెండో ఆయన తెర వెనకాల నుంచి లెక్కపెట్టుకునేవాడు. ఇక చూస్కో!"

మాకు కృష్ణులు లేరు. షాద్‌నగర్ అవతల మా ఊళ్లో చిరుతల రామాయణం. భాగోతం నేర్పే పంతులు వచ్చి ఊళ్లోనే మకాం పెట్టేటోడు. పొద్దంతా పొలంలో ఉన్నోళ్లు రాత్రి అన్నం తిని వేపచెట్టు కింద చేరేటోళ్లు. చేతిలో చిరుతలు, కాళ్లకు గజ్జెలు, గుండ్రంగా తిరుగుతూ పాట. మా తాత సీత వేషం కట్టేటోడు. మీసం తీసేసినందుకు మా నాయనమ్మ నెలరోజులు ముఖం చూడలేదట. నాకు గుర్తున్నది మాత్రం చిరుతల చప్పుడు. రావణుడు చచ్చే దాకా ఎప్పుడూ మేలుకోలేదు.

డ్యాష్‌బోర్డు అరలోంచి డైరీ తీశాను. బండి కిస్తీలు, సర్వీసు తేదీలు ఒకవైపు. వెనక పేజీ నుంచి నాటకాలు. వచ్చే శనివారం రవీంద్రభారతిలో హరిశ్చంద్ర. నవమికి మా ఊళ్లో చిరుతలు. ఆ తర్వాత ఏప్రిల్ 16, కందుకూరి వీరేశలింగం పుట్టినరోజు. తెలుగు నాటకరంగ దినోత్సవం కాబట్టి ఎక్కడో ఒకచోట పద్యం దొరక్కపోదు. దాని కింద, తేదీ లేకుండా, 'సురభి — పిల్లలతో' అని రాసి రెండు గీతలు గీశాను.

సురభి నాటకం ఒకసారి చూపించాను పిల్లలకు. మాయాబజార్. రెండు బాణాలు స్టేజీ మీద గాల్లో ఎదురెదురుగా వచ్చి నిప్పురవ్వలు రాల్చినప్పుడు చిన్నోడు కుర్చీ మీదికెక్కి నిలబడ్డాడు. పెద్దది మాత్రం తీగ ఎక్కడుందో వెతుకుతూ కూర్చుంది. సురభి కుటుంబాలు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలుపెట్టిన ఆట అది. అప్పట్లో వనారస గోవిందరావు నడిపించాడు. మన రోజుల్లో బాబ్జీగా అందరూ పిలిచిన రేకందార్ నాగేశ్వరరావు మోశాడు. 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన పోయాడు. ఆట మాత్రం ఆ ఇళ్లల్లో పిల్లల చేతికి వచ్చింది.

"శనివారం నాటకం పెట్టుకుని, ఇప్పుడిది వింటున్నావా?" డైరీలోకి తొంగిచూసి బాబాయ్ అడిగాడు.

"వింటే ఏమైతది?"

"ఉపవాసం ఉండాలిరా. వారం ముందు నుంచీ ఆ పద్యాల జోలికి పోకూడదు. చెవినిండా సుబ్బారావుగారిని నింపుకుని వెళ్తే, అక్కడ పాడే కుర్రాడు నీకెక్కడ వినపడతాడు?"

"ఇట్ల వింటేనే గదా, ఆయన ఏడ మలిపిండో, ఏడ ఆగిండో తెలిసేది."

"అదేరా తప్పు. ఇందులో ఎక్కడాగుతుందో నీకు ముందే తెలుసు. పాత గ్రామఫోను ప్లేటు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర. పాడేవాడు ఆ ముల్లు చూసుకుని దిగాల్సిందే. స్టేజీ మీద వాడికే తెలీదు ఎక్కడ దిగుతాడో. జనం వన్స్ మోర్ అంటే, చచ్చిపడ్డ వేషం కూడా లేచి పాడి మళ్లీ చచ్చేదని చెప్పుకునేవాళ్లు. ఆ తెలీకపోవడం కోసం కదూ, నువ్వు రాత్రి సంపాదన వదులుకుని వెళ్లేది?"

బదులు చెప్పే లోపల అంకె కదిలింది. 58. 41. విమానాలు వరసగా దిగినట్టున్నాయి. పార్కింగంతా ఒక్కసారి లేచింది. ఇంజన్లు, లైట్లు, తలుపుల చప్పుళ్లు. బాబాయ్ కప్పు విసిరేసి తన బండి వైపు నడిచాడు. 19. 6. రాగం మళ్లీ పైమెట్టు మీద ఉంది. ఇంకొక్క అరనిమిషం ఆగితే బాగుండు.

ఫోన్ మోగింది. బుకింగ్. లింగంపల్లి.

రాగాన్ని అక్కడే ఆపేశాను.

ప్యాసింజరు ఓటీపీ చెప్పి, సామాన్లు డిక్కీలో సర్దుకునే లోపే నిద్రకు తూలుతున్నాడు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాం. శంషాబాద్ నుంచి గచ్చిబౌలి దాకా ఉన్న ఈ ముక్కే 2008లో అన్నిటికంటే ముందు తెరిచారు. ఎయిర్‌పోర్టు మొదలైందీ ఆ ఏడాదే. రోడ్డు ఖాళీ. ఏసీ సన్నగా ఈల వేస్తోంది. అలవాటుగా నా వేలు రెండుసార్లు ఫోన్ దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

లింగంపల్లిలో ఆయనను దించేసరికి మూడుంబావు. శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఇక్కడికి దగ్గరే. బాణాలు, పరదాలు, కిరీటాలు ఏ ఇంట్లో ఏ అటక మీద నిద్రపోతున్నాయో అనుకుంటూ బండి తిప్పాను.

మళ్లీ పార్కింగ్‌కు వచ్చేసరికి నాలుగున్నర. కొత్త నంబరు 71. బాబాయ్ బండి కనపడలేదు, సవారీ దొరికినట్టుంది. తూర్పున ఇంకా వెలుగు రాలేదు. ఇయర్‌ఫోన్ పెట్టుకుని తెర వెలిగించాను. పద్యం ఆగిన చోటే ఉంది, హరిశ్చంద్రుడు పైమెట్టు మీదే ఉన్నాడు. అక్కడి నుంచి ఎలా దిగుతాడో నాకు కంఠతా వచ్చు.

ఇయర్‌ఫోన్ తీసి డైరీలో పెట్టాను, శనివారం పేజీలో.