పద్యం వెనక పెట్టె

పల్నాటిలో వాద్యం పాటకు ముందు నడవలేదు. కారెంపూడి వీరుల తిరునాళ్లలో వీరవిద్యావంతుడు కథ ఎత్తుకుంటే పంబ అతని గొంతును కనిపెట్టుకుని మోగుతుంది. పన్నెండో శతాబ్దపు పల్నాటి పోరును ఇప్పటికీ అలాగే పాడుతున్నారు.

హార్మోనియం వచ్చాక కూడా ఈ మర్యాద చెడలేదు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875 ప్రాంతంలో దాన్ని నేల మీద కూర్చుని ఒక చేత్తో గాలి కొడుతూ వాయించేలా మలిచాడు. అది నాటక సమాజాల వెంట ఊరూరా తిరిగింది. గమకం పలకదన్న ఆక్షేపణల మధ్య 1940లో ఆకాశవాణి దాన్ని వెలివేసింది. ఆ వెలి 1971 దాకా ఎత్తలేదు. 1948లో పుట్టిన విజయవాడ కేంద్రానికీ ఆ కట్టుబాటు తప్పలేదు. పల్నాటి పందిళ్లకు మాత్రం ఆ గొడవ పట్టలేదు.

కాటిసీనులో హరిశ్చంద్రుడు వినుకొండ కవి జాషువా పద్యం అందుకున్నాడనుకోండి. పద్యానికి తాళం లేదు. పాదం చివర రాగం ఎంతదూరం పోతుందో ఒక్కోసారి నటుడికే తెలియదు. హార్మోనిస్టు వేళ్లు మెట్ల మీద ఉన్నా చూపంతా ఆ గొంతు మీదే. నటుడు ఊపిరి తీసుకునే సందులో చిన్న స్వరం వేసి తప్పుకుంటాడు. జనం ‘వన్స్ మోర్’ అంటే మళ్లీ మొదటికి, ఈసారి ఇంకో సంగతితో.

అవతల అమెరికాలో వుర్లిట్జర్ కంపెనీ 1959లోనే సైడ్‌మ్యాన్ అనే తాళం పెట్టెను అమ్మింది. 1980లో కాసియో కీబోర్డులు, తర్వాత యమహా పీఎస్ఆర్ వరస వచ్చాయి. ఎడమచేత్తో కార్డు (కొన్ని స్వరాలు కలిపి) పట్టుకుంటే డ్రమ్ములు, బేస్, గిటారు వాటంతటవే మోగుతాయి. నాటకాల కాంట్రాక్టరుకు ఖర్చు కలిసొచ్చింది. డోలక్ వాయించే ఆయన ఇంట్లో కూర్చున్నాడు.

అక్కడే వరస తిరగబడింది. కోటప్పకొండ తిరునాళ్లలో విద్యుత్ ప్రభల ముందు రాత్రంతా ఆటపాటలు సాగుతాయి. అలాంటి వేదిక మీద టెంపో 120కి పెడితే తెల్లారినా 120యే, గాయకుడే దాని వెంట పరుగెత్తాలి. రాగానికీ తిప్పలే. సీ శ్రుతిలో మోహన పాడుతుంటే ఎఫ్ కార్డు వేస్తే మధ్యమం, జీ కార్డు వేస్తే నిషాదం దూరతాయి. రెండూ మోహనకు పరాయి స్వరాలే. తర్వాత యమహా మన దేశం కోసమే తబలా, డోలక్ బాణీలతో పీఎస్ఆర్-ఐ425 తెచ్చింది. శబ్దం మనదైంది గాని తొందర తగ్గలేదు.

మిషను వాయిస్తున్నట్టు కాక మనిషి వాయిస్తున్నట్టు వినిపించాలంటే కొత్త టోన్లు కొనడం కన్నా ఉన్నవాటిని ఆపడం ముఖ్యమని నా అభిప్రాయం. స్టైల్లో గిటారు, స్ట్రింగ్స్ ట్రాకులు మూసి డ్రమ్ములు మాత్రం ఉంచాలి. ఫిల్-ఇన్ పల్లవి ముగిసినచోటే నొక్కాలి, వేలు ఖాళీగా ఉంది కదా అని కాదు. క్లారినెట్ టోన్ తీసుకుంటే ఊదేవాడికి ఊపిరి కావాలని గుర్తుంచుకుని సందు ఇవ్వాలి. పిచ్ బెండ్ చక్రాన్ని గమకానికి కొంచెమే కదపాలి. వీలైతే డోలక్ ఆయన్ని మళ్లీ పిలవాలి, ముక్తాయింపు అతనికే వదిలేయాలి.

చాలా యమహా కీబోర్డుల్లో సింక్ స్టాప్ అనే మీట ఉంటుంది. అది వేసి ఉంచితే ఎడమచేయి ఎత్తగానే తాళం ఆగిపోతుంది, చేయి దించితే మళ్లీ అందుకుంటుంది. సినిమా పాటలు వాయించేవాళ్లకు దాంతో పెద్దగా పని పడదు. పాట మధ్యలో పద్యం పడే నాటకానికి కూర్చున్నవాడు మాత్రం ముందు దాన్నే వెతుక్కోవాలి.