వినియోగదారుడు ఎందుకు కొంటాడు?

ఒక వస్తువును గాని, సేవను గాని కొనడానికి మనిషిని పురికొల్పే కారణాలను కొనుగోలు ప్రేరణలు అంటారు. ఆకలి తీర్చుకోవడానికి బియ్యం కొనడం అవసరం. ఫలానా రకం బియ్యాన్నే, ఫలానా అంగడిలోనే కొనాలనిపించడం ప్రేరణ. వ్యాపారులు ఈ ప్రేరణను శ్రద్ధగా అధ్యయనం చేస్తారు. కొనేవారు దానిని గూర్చి ఆలోచించడం అరుదు.

అవసరాల వర్గీకరణ

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త అబ్రహాం మాస్లో 1943లో మానవుని అవసరాలను ఐదు వర్గాలుగా విభజించాడు. అవి శారీరక అవసరాలు, భద్రత, ప్రేమాభిమానాలు, గౌరవం, ఆత్మవికాసం. ఒకే కొనుగోలులో వీటిలో కొన్ని కలిసి ఉండవచ్చును. పెండ్లికి కొనే బంగారం ఆపదలో ఆదుకొనే భద్రత. బంధువుల నడుమ గౌరవం. కన్నవారి మమకారానికి గుర్తు.

కడలూరు పొట్లం

తమిళనాడులోని కడలూరుకు చెందిన సి.కె. రంగనాథన్ 1983లో పదిహేను వేల రూపాయల పెట్టుబడితో 'చిక్' షాంపూ వ్యాపారం ఆరంభించాడు. షాంపూను చిన్న పొట్లాలలో అమ్మే పద్ధతికి ఆయన తండ్రి చిన్ని కృష్ణన్ ఆద్యులలో ఒకరు. సీసా కొనలేని కుటుంబానికి ఒక్క స్నానానికి సరిపడే పొట్లం అందుబాటులోకి వచ్చింది. అయితే ధర ఒక్కటే చాలలేదు. పల్లెలలో బడిపిల్లల తలలు అంటి, ఫలితాన్ని అందరికీ చూపించారు. దానితో సందేహం తీరింది. ఖాళీ పొట్లాలు తెచ్చినవారికి కొత్త పొట్లం ఉచితంగా ఇచ్చారు. దానితో అలవాటు ఏర్పడింది. స్త్రీలు తలలో పూలు ముడుచుకొనే ప్రాంతం కనుక మల్లె, గులాబీ పరిమళాలు చేర్చారు. దానితో ఇష్టం కలిగింది. స్తోమత, నమ్మకం, అలవాటు, అభిరుచి అనే నాలుగు ప్రేరణలూ ఈ ఒక్క పొట్లంలో కనిపిస్తాయి.

నష్టభయం

లాభం కలిగించే సంతోషం కంటె అంతే నష్టం కలిగించే బాధ అధికమని డానియల్ కానెమన్, ఏమోస్ ట్వర్‌స్కీ 1979లో ప్రతిపాదించారు. "నేటితో ఆఖరు", "రెండే మిగిలాయి" అనే మాటలకు బలం ఇక్కడిదే. అవి నిజమైతే దోషం లేదు. కాని ఆన్‌లైన్ అమ్మకాలలో ఇటువంటి తొందరను అబద్ధంగా కల్పించడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో జారీ చేసిన మార్గదర్శకాలు నిషేధించాయి.

భాష, నమ్మకం

పొట్లంపై నికర పరిమాణం, గరిష్ఠ చిల్లర ధర మొదలైన వివరాలు హిందీలో గాని, ఇంగ్లీషులో గాని ఉండాలని 2011 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఇతర భాషలు అదనంగా చేర్చవచ్చును గాని, తప్పనిసరి కాదు. హోసూరులోనో, బళ్లారిలోనో తెలుగు మాత్రమే చదువగల పెద్దలు అంగడివాని మాటనే ప్రమాణంగా తీసుకోవలసి వస్తుంది. మన భాష మాట్లాడేవాడు కదా అనే ఆత్మీయత కూడా బలమైన ప్రేరణయే. అది మంచిదే గాని, తూకానికీ ధరకూ హామీ కాదు. ఇంటిలో చదువుకొన్న పిల్లలచేత పొట్లంమీది వివరాలు చదివించుకోవడం ఉత్తమం.

కొనేముందు

ఇది నాకు అవసరమా? నేడే అవసరమా? ధరను పరిమాణంతో భాగిస్తే ఏది చౌక? ఈ మూడు ప్రశ్నలు చాలును. పెద్ద సీసా ఎల్లప్పుడూ చౌక అనుకోరాదు. షాంపూలో పొట్లమే చౌకగా పడే సందర్భాలున్నాయి.

మోసం జరిగినచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం క్రింద జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. జాతీయ సహాయవాణి సంఖ్య 1915. అందుకు రసీదు ఆధారం కాగలదు కనుక దానిని అడిగి తీసుకోవాలి. అమ్మేవారికి మన మనస్సు తెలుసు. అది మనకు కూడా తెలిసిననాడు బేరం సమానమవుతుంది.