గ్రాఫ్టుకు సూది వేసే పద్ధతి: చరిత్ర

డయాలసిస్ రోగి చేతిలో ధమనికీ సిరకీ మధ్య చర్మం కింద అమర్చే కృత్రిమ రక్తనాళమే గ్రాఫ్టు. రక్తం మిషనులోకి పోవడానికి ఒకటి, తిరిగి రావడానికి ఒకటి చొప్పున ప్రతిసారీ దీనికి రెండు సూదులు గుచ్చాలి. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేస్తే ఏడాదికి 300కు పైగా పోట్లు పడతాయి. సొంత సిరకు పడిన పోటు మానుతుంది. గ్రాఫ్టు గోడ మానదు. రంధ్రాన్ని గడ్డకట్టిన రక్తం, చుట్టూ పెరిగిన కణజాలం పూడ్చి ఉంచుతాయంతే.

1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ బృందం ధమనిలో ఒకటి, సిరలో ఒకటి టెఫ్లాన్ గొట్టాలు పెట్టి, చర్మం బయట రెంటినీ కలిపింది. సూది పోటు లేదు గానీ చీము పట్టేది, రక్తం గడ్డకట్టేది. 1966లో బ్రెసియా, సిమినో బృందం ధమనిని నేరుగా సిరకు కలిపే ఫిస్టులాను ప్రకటించింది. నేటికీ చాలామందికి ముందు చూసేది అదే. సిరలు సన్నగా ఉన్నవారికి, ఫిస్టులా పాడైనవారికి మరో దారి కావలసి వచ్చింది. 1969లో రాబర్ట్ గోర్ కనిపెట్టిన సాగదీసిన పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ రకం) పదార్థంతో చేసిన గొట్టాన్ని డయాలసిస్‌కు గ్రాఫ్టుగా వాడిన ఫలితాలు 1976లో వెలువడ్డాయి.

నొప్పి తక్కువని, సూది తేలిగ్గా దిగుతుందని ఒకే చోట గుచ్చడం అప్పటి నుంచీ ఉన్న అలవాటు. దాని వల్ల సిర గోడ సాగి ఉబ్బుతుందని 1984లో జర్మన్ వైద్యుడు క్రోనుంగ్ ఫిస్టులాల విషయంలో వివరించాడు. గ్రాఫ్టుకైతే ఇంకా ప్రమాదం: రంధ్రాలు కలిసిపోయి గోడ చిరుగుతుంది, రక్తం చేరి బుడిపె కడుతుంది, అది పగలనూ వచ్చు. పోలండులో 1970లలో ట్వార్డోవ్‌స్కీ మొదలుపెట్టిన బటన్‌హోల్ పద్ధతి, అంటే ప్రతిసారీ అదే రంధ్రంలో గుచ్చడం, ఫిస్టులాకే పరిమితం. గ్రాఫ్టుకు రోప్ ల్యాడర్ పద్ధతే సరైనది: ప్రతిసారీ కిందటి పోటుకు కాస్త ఎడంగా, గ్రాఫ్టు పొడవునా జరుగుతూ గుచ్చాలి.

ముందు రక్తం ఏ వైపు పారుతోందో తెలుసుకోవాలి. గ్రాఫ్టును మధ్యలో వేలితో నొక్కితే, నాడి గట్టిగా కొట్టే వైపు ధమని వైపు. ఇది తారుమారైతే శుద్ధి చేసిన రక్తమే మళ్లీ మిషనులోకి పోతుంది. ఫిస్టులాకు సూదిని సుమారు 25 డిగ్రీల వాలులో దించితే గ్రాఫ్టుకు 45 డిగ్రీలు. తీసేటప్పుడు సూది పూర్తిగా బయటికి వచ్చాకే నొక్కాలి. ముందే నొక్కితే మొన గోడను కోస్తుంది. చర్మం మీద రంధ్రం ఒకచోట, గ్రాఫ్టు మీద రంధ్రం ఇంకొంచెం ముందు ఉంటాయి కాబట్టి రెండు వేళ్లతో రెంటినీ అదమాలి.

కొత్త గ్రాఫ్టుకు వాపు తగ్గేదాకా కనీసం రెండు వారాలు ఆగడం పాత నియమం. త్వరగా సూది వేయడానికే తయారైన రకాలకు ఒకటి నుంచి మూడు రోజులు చాలు.

ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2016 నాటి జాతీయ డయాలసిస్ కార్యక్రమం పేదలకు ఈ చికిత్సను అందుబాటులోకి తెచ్చాయి. గ్రాఫ్టు ఖరీదు కాబట్టి మన దగ్గర ఫిస్టులాలే ఎక్కువ. అలాంటప్పుడు అరుదుగా వచ్చే గ్రాఫ్టు రోగికి ఏ రోజు ఎక్కడ సూది పడిందో చేతి బొమ్మ మీద గుర్తుపెట్టే కాగితం తప్పనిసరి అనాలి. ప్రత్తిపాడు లాంటి పత్తి, మిర్చి ఊళ్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి వచ్చే కూలీలకు ఇంకో మాట కూడా చెప్పి పంపాలి: గ్రాఫ్టు ఉన్న చేత్తో మిర్చి టిక్కీలు ఎత్తకూడదు, ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు. రోజూ ఉదయం గ్రాఫ్టు మీద వేళ్లు ఆనించి చూసుకోవాలి; జుమ్మనే కదలిక ఆగిపోతే తర్వాతి డయాలసిస్ దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి రావాలి.